అమ్మకి గర్భసంచి ఆపరేషన్: కీహోల్‌లో చేయించాలా, కోసి తీయించాలా?

లంకపిల్ల
మా అమ్మకి 44 ఏళ్లు. కొన్నాళ్లుగా నెలసరి మొదలైతే ఆగడం లేదు, గడ్డలు గడ్డలుగా పోతోంది. హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. స్కానింగ్‌లో గర్భసంచిలో 6 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ గడ్డ ఉందని వచ్చింది. నేనూ తమ్ముడూ ఇద్దరం సిజేరియన్‌లోనే పుట్టాం.

అమలాపురంలో ఒక డాక్టరమ్మ పొట్ట కోసి తీయాలి అన్నారు. భీమవరంలో ఇంకొకాయన కీహోల్‌లో (చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ) చేసేస్తాను, మూడో రోజు ఇంటికెళ్లిపోవచ్చు అన్నారు. ఓవరీలు (అండాశయాలు) కూడా తీసేద్దాం అని మాత్రం ఇద్దరూ అన్నారు. ఏ పద్ధతిలో ఏం ప్రమాదం అని అడిగితే ఇద్దరి దగ్గరా ఒకటే జవాబు: "ఏం భయం లేదమ్మా, రోజూ చేస్తున్నాం." వాళ్లు రోజూ చేస్తారు, మా అమ్మకి జరిగేది ఒక్కసారే కదా. నాన్న టెన్షన్‌తో అన్నం సరిగ్గా తినడం లేదు. చేయించుకున్నవాళ్లు, తెలిసినవాళ్లు దాచుకోకుండా చెప్పండి.

అత్తిలి_వదిన
నాకు చాలా ఏళ్ల కింద కోసే తీశారు. నెలన్నర మంచం మీద ఉన్నాను, ఆ తర్వాత ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. కోస్తే డాక్టరుకి అంతా ఎదురుగా కనిపిస్తుంది, చేత్తో తడిమి చూసుకుంటారు. రెండు సిజేరియన్లు అయిన పొట్టలో కెమెరా పెట్టి వెతుక్కోవడం ఎందుకు? నా ఓటు కోతకే.

చెరువుగట్టు_భీమవరం
మా ఆవిడకి కీహోల్‌లో చేశారండి. నాలుగు చిన్న గాట్లు. మర్నాడే లేచి నడిచింది. వారం తిరక్కుండా వంటింట్లోకి వెళ్తే నేనే కేకలేసి కూర్చోబెట్టాను. మా అక్కకి కోసి చేశారు, కుట్ల దగ్గర చీము పట్టి డ్రెస్సింగులకి తిరిగాం. మన ఉక్కపోతలో అంత పొడుగు గాయం మానడం తేలిక కాదు వదినగారూ.

పాలకొల్లు_పద్మ
కీహోలా కోతా అన్నది తర్వాత. అసలు తీయించాల్సిందేనా అని ఎవరైనా అడిగారా? మా పిన్నికి ఇలాగే రక్తం పోతుంటే గర్భసంచిలో హార్మోన్ ఉన్న లూప్ వేశారు. మొదట్లో కొన్నాళ్లు చుక్కలు చుక్కలుగా కనబడింది, తర్వాత నెలసరే దాదాపు ఆగిపోయింది. ఆపరేషన్ మాటే లేదు.

రాజోలు_కుర్రాడు
పద్మగారి మాటకి నాది రెండో ఓటు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మనవాళ్లకే రోగాలు అంత ఎక్కువా? మా ఊళ్లో ఆర్‌ఎంపీ ఒకాయన నడుం నొప్పి అని వెళ్లినా, తెల్లబట్ట అని వెళ్లినా "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి ఆటో ఎక్కించేవాడు. నాట్లకి పోయే ఆడవాళ్లు పుస్తెలు తాకట్టు పెట్టి చేయించుకున్నారు. వాళ్లలో ముప్పై దాటనివాళ్లు కూడా ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమల్లో పెట్టమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

లంకపిల్ల
@పాలకొల్లు_పద్మ లూప్ సంగతి ఒక్కరూ చెప్పలేదండి. అమ్మకి 7 ఉందంటే రక్తం ఎక్కించి వెంటనే చేసేద్దాం అన్నారు, అంతే.

గైనిక్_కాకినాడ
నేను గైనకాలజిస్టుని. అమ్మగారిని చూడకుండా ఏ ఆపరేషన్ చేయించాలో ఇక్కడ చెప్పను. ఆలోచించే వరుస మాత్రం చెబుతాను.

ముందు బయాప్సీ. 44 ఏళ్ల వయసులో ఇంతలా రక్తం పోతుంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. గర్భాశయ ముఖద్వారానికి పాప్ స్మియర్, అంటే అక్కడి కణాలు తీసి చూసే పరీక్ష, చేయాలి. ఈ రెండు రిపోర్టులూ లేకుండా తేదీ ఖాయం చేయనివ్వకండి. లోపల క్యాన్సర్ ఉంటే ఆపరేషనే వేరుగా ఉంటుంది.

రెండోది రక్తం. ఏడుతో అత్యవసరం అయితే తప్ప బల్ల మీదికి తీసుకోకూడదు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ లాంటి మందులు, హార్మోన్ బిళ్లలు ఉన్నాయి. సెలైన్‌లో ఐరన్ ఇస్తే కొన్ని వారాల్లో పదికి తీసుకురావచ్చు. ఆ వారాల్లో మీరు ఇంకొకరి అభిప్రాయం కూడా తీసుకోవచ్చు.

పద్మగారు చెప్పిన లూప్ మంచి వైద్యమే. అయితే గడ్డ లోపలి గదిలోకి తోసుకొచ్చి ఉంటే అది నిలవక జారిపోవచ్చు. కాబట్టి స్కానింగ్ రిపోర్టులో గడ్డ ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందో కూడా చదవాలి.

తీయాల్సిందే అని తేలితే దారులు మూడు. కింది నుంచి, అంటే యోని మార్గంలో, కుట్లు పైకి కనబడకుండా తీయడం. కీహోల్. పొట్ట కోయడం. వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో 47 అధ్యయనాలు, 5,102 మంది ఆడవాళ్ల ఫలితాలు కలిపి చూసింది. వీలైతే కింది నుంచే మేలని తేల్చింది. అది కుదరని చోట కోతతో పోలిస్తే కీహోల్‌లో త్వరగా కోలుకుంటారు, గాయం చీము పట్టడం తక్కువ. కానీ మూత్రాశయానికి, కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళానికి దెబ్బ తగలడం కీహోల్‌లో ఎక్కువ. రెండు సిజేరియన్లు అయితే మూత్రాశయం గర్భసంచికి అతుక్కుని ఉండొచ్చు, దాన్ని విడదీసేటప్పుడే గాయమయ్యే ముప్పు. అది ఏ పద్ధతిలో అయినా ఉంటుంది. అత్తిలి వదినగారి భయంలో నిజం ఉంది, కానీ సిజేరియన్ అయింది కాబట్టి కీహోల్ వద్దు అనే నియమం లేదు.

తణుకు_మాస్టారు
డాక్టరుగారూ, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన గురించి చదివాను. పెద్ద ఇబ్బందులు కీహోల్‌లో 11.1 శాతం, కోతలో 6.2 శాతం అని ఉంది. దాదాపు రెట్టింపు. దాన్ని మీరు ప్రస్తావించలేదు.

గైనిక్_కాకినాడ
@తణుకు_మాస్టారు ఆ లెక్క నిజమే మాస్టారూ, అడిగినందుకు సంతోషం. దాని పక్కన ఇంకో మాట ఉండాలి. కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో కోతకి మారితే దాన్ని కూడా పెద్ద ఇబ్బందుల్లోనే లెక్కేశారు. మారడం వేరు, పేగు తెగడం వేరు. అదే పరిశోధనలో కీహోల్‌వాళ్లకి నొప్పి తక్కువ, ఆపరేషన్ టైం మాత్రం ఎక్కువ: 84 నిమిషాలు, కోతకి 50. అమెరికాలో హ్యారీ రైక్ అనే డాక్టరు మొట్టమొదట ఈ పద్ధతిలో గర్భసంచి తీసింది 1988లో. ఆ తర్వాత పరికరాలు బాగుపడ్డాయి, చేతులు కుదిరాయి. చేతులు కుదరని చోట ఆ పాత లెక్కే ఇవాళా వర్తిస్తుంది. అందుకే ఏ పద్ధతి అన్నదానికంటే ఎవరి చెయ్యి అన్నది ముందు చూడమంటాను.

అత్తిలి_వదిన
నేను చెప్పిందీ అదే. చెయ్యి మంచిదైతే కోతైనా మంచిదే.

చెరువుగట్టు_భీమవరం
వదినగారు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని మళ్లీ కోతకే వచ్చారు 😄

రావులపాలెం_సుబ్బు
చదువుతూ ఊరుకుందాం అనుకున్నాను. లంకపిల్లా, నువ్వు దాచుకోకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

మా ఆవిడకి కీహోల్‌లో చేశారు. ఆపరేషన్ బాగా జరిగింది అన్నారు, ఇంటికొచ్చాం. రెండో వారంలో పక్కలో నొప్పి, చలిజ్వరం. తర్వాత కింది నుంచి నీళ్లలా కారడం మొదలైంది. బట్ట మార్చిన గంటకే తడిసిపోయేది. ఫోన్ చేస్తే "కుట్లు మానేటప్పుడు నీరు వస్తుంది, కంగారు పడకండి" అన్నారు. అదంతా మూత్రమేనండి. వేరే ఊరికి తీసుకెళ్లి సీటీ స్కాన్ తీయిస్తే మూత్రనాళం వేడికి కాలి చిల్లు పడిందని తేలింది. నాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేశారు, తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి నాళాన్ని మూత్రాశయానికి మళ్లీ అతికారు. ఇప్పుడు బాగుంది. కానీ ఆ నెలల్లో ఆమె ఎవరి పక్కనా కూర్చునేది కాదు. సంక్రాంతికి పుట్టింటికి కూడా వెళ్లలేదు. వాసన వస్తుందేమో అని.

చేసిన డాక్టరు మీద కోపం కంటే, ముందే చెప్పలేదే అన్న బాధ ఎక్కువ. ఇలా జరగొచ్చు, నీళ్లలా కారితే పరుగెత్తుకు రండి అని ఒక్క మాట అని ఉంటే అన్ని రోజులు ఇంట్లో కూర్చునేవాళ్లం కాదు.

పాలకొల్లు_పద్మ
అయ్యో. మీ ఆవిడగారికి మా అందరి తరఫునా చెప్పండి సుబ్బుగారూ, ఆవిడ పడిన బాధ ఇంకొకరికి దారి చూపిస్తోందని.

థియేటర్_సిస్టర్
రాజమండ్రిలో ఆపరేషన్ థియేటర్‌లో నర్సుని. సుబ్బుగారు చెప్పింది ఎలా జరుగుతుందో చెబుతాను. గర్భసంచికి రక్తం తెచ్చే ధమని ఉంటుంది. వంతెన కింద కాలువలా మూత్రనాళం సరిగ్గా ఆ ధమని కింద నుంచి పోతుంది, గర్భాశయ ముఖద్వారానికి రెండు సెంటీమీటర్ల దూరం కూడా ఉండదు. ఆ ధమనిని కరెంటు పరికరంతో మాడ్చి కోస్తారు. వేడి పక్కకి పాకితే నాళం గోడ అప్పటికప్పుడు చిల్లు పడదు. చచ్చిన కణజాలం కొన్ని రోజులకి ఊడిపోతుంది, లీకు అప్పుడు మొదలవుతుంది. పేగుకి వేడి తగిలినా అంతే. అందుకే బల్ల మీద అంతా బాగానే కనబడి, ఇంటికెళ్లాక తేడా చేస్తుంది.

జాగ్రత్తగా చేసేవాళ్లు ముందు ఆ నాళం ఎటు పోతోందో చూసుకుంటారు. మ్యానిప్యులేటర్ అనే పరికరంతో కింది నుంచి గర్భసంచిని బాగా పైకి తోయిస్తారు, అప్పుడు కోసే చోటు నాళానికి ఎడంగా వస్తుంది. అనుమానం ఉంటే చివర్లో మూత్రాశయంలోకి కెమెరా పెట్టి రెండు వైపుల నుంచీ మూత్రం చిమ్ముతోందా లేదా అని చూస్తారు. అక్కడే దొరికితే అక్కడే సరిచేయొచ్చు. మీ డాక్టరుని ఇది అడగండి, అడిగితే తప్పేం కాదు.

ఇంకొకటి, కీహోల్ చేయించుకున్న మనిషికి నొప్పి రోజురోజుకీ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా, పొట్ట ఉబ్బినా, వాంతులైనా, జ్వరం వచ్చినా, నీళ్లలా కారినా ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి, మనిషిని తీసుకుని వెళ్లిపోండి. భుజం నొప్పి ఒక్కదానికే కంగారు అక్కర్లేదు. పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పంపుతారు, అది మిగిలి డయాఫ్రం (ఊపిరితిత్తుల కింది కండర పొర) కింద గుచ్చుతుంది, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది.

యానాం_అమ్మాయి
చిన్న డౌట్. గాటు సెంటీమీటరు, గడ్డ 6 సెంటీమీటర్లు. ఎలా బయటికి తీస్తారు?

థియేటర్_సిస్టర్
@యానాం_అమ్మాయి పొట్ట మీది గాటు నుంచి కాదమ్మా. లోపల అంతా విడదీశాక కింది నుంచే బయటికి లాగుతారు, ఆ మార్గం పైభాగాన్ని లోపల్నుంచి కుట్టేస్తారు. మరీ పెద్దదైతే ముక్కలు చేయాలి.

గైనిక్_కాకినాడ
ఆ ముక్కలు చేసే దగ్గర ఆగి ఒక మాట. మోర్సెలేటర్ అనే తిరిగే కత్తి మిషన్‌తో పొట్ట లోపలే ముక్కలు చేసేవారు. ఫైబ్రాయిడ్ అనుకున్నది ఎప్పుడైనా సార్కోమా అనే క్యాన్సర్ అయితే ఆ తుంపులు పొట్టంతా చెదురుతాయి. ఫైబ్రాయిడ్ అని ఆపరేషన్ చేయించుకునే ప్రతి 350 మందిలో ఒకరికి ఇలా బయటపడని సార్కోమా ఉండొచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2014లో అంచనా వేసి హెచ్చరించింది. అంత ఎక్కువ ఉండదని వాదించినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ తర్వాత చేసే తీరు మారింది. ముక్కలు చేయాల్సి వస్తే సంచిలో పెట్టి చేయాలి. మీ అమ్మగారి 6 సెంటీమీటర్లకి ఆ అవసరం సాధారణంగా రాదు. అయినా "ముక్కలు చేస్తారా, చేస్తే సంచిలోనేనా" అని అడగండి.

ముమ్మిడివరం_లక్ష్మి
మా మేనత్తకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మొదటి దశలో దొరికింది. కీహోల్‌లో చేస్తాం, మచ్చ కూడా ఉండదు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

గైనిక్_కాకినాడ
@ముమ్మిడివరం_లక్ష్మి సంతకం చేసే ముందు క్యాన్సర్ సర్జన్‌ని తప్పకుండా కలవండి. ఈ ఒక్క జబ్బులో కోతే మేలని 2018లో తేలింది. అప్పుడు వచ్చిన పెద్ద పరిశోధనలో నాలుగున్నరేళ్ల దగ్గర జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కోతలో 96.5 శాతం, కీహోల్‌లో, రోబోతో కలిపి, 86 శాతం. రెండూ సమానంగా వస్తాయనుకుని మొదలుపెట్టిన పరిశోధన అది. గర్భసంచి లోపలి పొరకి వచ్చే క్యాన్సర్ సంగతి వేరు, దానికి తొలి దశలో కీహోల్ బాగానే పనిచేస్తుంది. రెండిటినీ కలిపేయకండి.

ముమ్మిడివరం_లక్ష్మి
మచ్చ ఉంటే ఉండనీయండి, మా అత్త ఉండాలి. రేపే మాట్లాడతాను.

చెరువుగట్టు_భీమవరం
హైదరాబాద్‌లో రోబోతో చేస్తారంట కదా, అది ఇంకా మంచిదా?

గైనిక్_కాకినాడ
@చెరువుగట్టు_భీమవరం అది కూడా కీహోలే, పరికరాన్ని పట్టుకునేది రోబో చెయ్యి, నడిపేది డాక్టరే. మామూలు జబ్బులకి దానివల్ల ఇబ్బందులు తగ్గుతాయని రుజువు లేదు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ.

లంకపిల్ల
ఓవరీల సంగతి ఎవరూ చెప్పలేదు. "ఎలాగూ తీస్తున్నాం, అవి కూడా తీసేస్తే పీడా పోతుంది" అంటున్నారు. మా పెద్దమ్మ కూడా అదే మాట.

అత్తిలి_వదిన
వద్దమ్మా. ఇక్కడ మాత్రం నా మాట విను. నాకు రెండూ తీసేశారు, అప్పటికి నాకు నలభై కూడా లేవు. మర్నాటి నుంచే ఒళ్లంతా సెగలు, రాత్రి చీర తడిసిపోయేది. నిద్ర లేదు, ఊరికే ఏడుపొచ్చేది. అత్తగారు నటిస్తున్నానన్నారు. ఇప్పుడు మోకాళ్లు, నడుం, ఎముకలు గుల్ల అంటున్నారు. ఆపరేషన్‌తో ఇబ్బంది లేదని పైన చెప్పింది కోత గురించి. ఇది వేరే సంగతి.

గైనిక్_కాకినాడ
వదినగారు చెప్పింది ప్రతి డాక్టరూ చదవాలి. నెలసరి ఆగని వయసులో, ఓవరీలలో జబ్బు లేనప్పుడు, కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్ల చరిత్ర లేనప్పుడు అవి ఉంచాలి. తొందరగా తీస్తే గుండెకీ ఎముకలకీ చేటు. గర్భసంచి నుంచి ఓవరీల వైపు వెళ్లే ట్యూబులు మాత్రం తీసేయడం మంచిది. అండాశయ క్యాన్సర్లలో చాలా వరకు అక్కడే పుడతాయి. గర్భసంచి, రెండు ట్యూబులు తీయాలి, రెండు ఓవరీలు ఉంచాలి అని ఆపరేషన్ అంగీకార పత్రంలో మీరే రాయించండి. వదినగారూ, మీరు ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకుని మందులు వాడుతున్నారా? లేకపోతే వెంటనే మొదలుపెట్టండి.

అత్తిలి_వదిన
కాల్షియం బిళ్ల వేసుకుంటున్నానండి, అంతే. పరీక్ష చేయించలేదు. వెళ్తాను.

రాజోలు_కుర్రాడు
తర్వాత ఎన్నాళ్లు విశ్రాంతి? మా అమ్మమ్మ పెరుగు, వంకాయ, గోంగూర ఆర్నెల్లు ముట్టనివ్వకూడదు అంటుంది.

థియేటర్_సిస్టర్
@రాజోలు_కుర్రాడు అమ్మమ్మగారికి దణ్ణం పెట్టి పెరుగన్నం పెట్టండి. గాయం మానడానికి పప్పు, గుడ్డు, చేప, పెరుగు అన్నీ కావాలి. ముక్కితే కుట్ల మీద బరువు పడుతుంది, అందుకే విరేచనం సాఫీగా అవ్వాలి.

పైకి గాట్లు చిన్నవే కదా అని చాలామంది మోసపోతారు. లోపల కుట్టు ఎవరికైనా ఒకటే. కీహోల్‌లో ఆ లోపలి కుట్టు విడిపోవడం మిగతా పద్ధతులకంటే కాస్త ఎక్కువ. ఆరు వారాలు బిందెలు, గ్యాస్ బండ, కొబ్బరికాయల బస్తాలు ఎత్తకూడదు. భార్యాభర్తలు కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు దూరంగా ఉండాలి. ఈ మాట డిశ్చార్జ్ అప్పుడు ఆవిడ ఒక్కదానికే చెవిలో చెప్పి పంపుతారు. భర్తకి చెప్పరు. ఆయన్ని కూర్చోబెట్టి చెప్పమని అడగండి. ఒక్కసారిగా రక్తం పోయినా, కింద ఏదో జారినట్టు అనిపించినా అర్ధరాత్రైనా బయల్దేరాలి.

చెరువుగట్టు_భీమవరం
చుట్టాల గురించి కూడా రాయండి సిస్టర్. మా ఆవిడని చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఆవిడే లేచి కాఫీ పెట్టబోయింది.

థియేటర్_సిస్టర్
వచ్చినవాళ్లే కాఫీ పెట్టి ఆవిడకి ఇవ్వాలి. ఇది డాక్టరు చీటీలో రాసినట్టే అనుకోండి 😄 నడక మాత్రం మాన్పించకండి. మంచం మీదే ఉంచేస్తే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది.

తణుకు_మాస్టారు
డాక్టరుని "మీరు ఎన్ని చేశారు, ఎంతమందికి మధ్యలో కోతకి మార్చారు" అని మన ఊళ్లల్లో అడగ్గలమా? బయటికి పొమ్మంటారేమో.

గైనిక్_కాకినాడ
@తణుకు_మాస్టారు అడగొచ్చు మాస్టారూ. కోపం తెచ్చుకునే డాక్టరైతే వేరే డాక్టరుని చూసుకోండి. నాకు ఎప్పుడూ మార్చాల్సి రాలేదు అనేవాళ్ల దగ్గర నేనైతే ఆలోచిస్తాను. అతుకులు గట్టిగా ఉంటే, రక్తం ఆగకపోతే కోతకి మారడమే మంచి డాక్టరు చేసే పని. మారినందుకు ఎవరూ నిందించకండి.

రావులపాలెం_సుబ్బు
ఇంకొకటి అడుగమ్మా. ఏదైనా అయితే యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టరు) ఆ ఊళ్లో ఉన్నారా, పిలిస్తే వస్తారా. మేం ఆ రాత్రి అంబులెన్సులో గోదావరి దాటాల్సి వచ్చింది.

లంకపిల్ల
అందరి మాటా కాగితం మీద రాసుకుని అమ్మని ఇంకో పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లాను. విసుక్కోకుండా అన్నీ చెప్పారు. బయాప్సీ తీశారు, చెడ్డది ఏమీ లేదని వచ్చింది. గడ్డ లోపలి గదిలోకి సగం తోసుకొచ్చి ఉంది, లూప్ నిలవడం కష్టం అన్నారు. ఐరన్ సెలైన్లు మొదలుపెట్టారు, రక్తం పోవడం మందులతో తగ్గింది, హిమోగ్లోబిన్ 9 దాటింది. పది దాటాక కీహోల్‌లోనే మొదలుపెడతాను, మూత్రాశయం గట్టిగా అతుక్కుని ఉంటే కోతకి మారతాను, ముందే ఒప్పుకుంటే చేస్తాను అన్నారు. ఒప్పుకున్నాం. ఓవరీలు ఉంచుతారు. చివర్లో మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూస్తానని ఆవిడే అన్నారు, నేను అడగకముందే. యూరాలజిస్టు అదే ఊళ్లో ఉన్నారు.

సుబ్బుగారి పోస్టు అమ్మకి చదివి వినిపించాను. భయపడుతుందనుకున్నాను. "ఇప్పుడు తెలిసింది కదా, అలా అయితే వెంటనే చెబుతాను" అంది.

పాలకొల్లు_పద్మ
మీ అమ్మగారు గట్టి మనిషమ్మా. ఆ కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టు, మా ఆడపడుచుకి కావాలి.

థియేటర్_సిస్టర్
లంకపిల్లా, డిశ్చార్జ్ రోజున రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబర్ ఒకటి అడిగి రాయించుకో. తీసిన గర్భసంచిని పరీక్షకి పంపారా అని అడిగి, ఆ రిపోర్టు నువ్వే వెళ్లి తెచ్చుకో. చాలామంది బాగానే ఉన్నాం కదా అని దానికోసం తిరిగి రారు. రిపోర్టు అల్మరాలోనే ఉండిపోతుంది.